ఓబులేసు నడత పత్రం

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు, ఆ దేశంలో సంతోషించిన మనిషి ఒకడున్నాడు. అతని పేరు ఓబులేసు. సొంతూరు కడప జిల్లా రాయచోటి పక్కన ఓ పల్లె. చేసే పని వంట.

అతని సంతోషానికి రాజకీయంతో సంబంధం లేదు. ఫర్వానియాలో అతను వారం వారం వెళ్లి సంతకం పెట్టే పోలీసు ఠాణా తగలబడిపోయింది. అందులో అతని ఫైలుంది. జనమంతా తలుపులు బిగించుకుని రేడియోలకు చెవులప్పగించి కూర్చుంటే, మూడో రోజున ఓబులేసు ఒక్కడే రోడ్డు మీదికొచ్చి, ఆ నల్లబడ్డ గోడల ముందు పెళ్లిచూపులకొచ్చినవాడిలా నిలబడి, బూడిదను కళ్లారా చూసుకున్నాడు.

ఫైల్లో ఉన్న సంగతి ఇది. రెండేళ్ల కిందట అతను ఒక కువైటీ ఇంట్లో వంటవాడు. అదే ఇంట్లో సుల్తాన్‌బీ పనిమనిషి. ఆమెదీ రాయచోటే. ఓ మధ్యాహ్నం బియ్యం కోసం ఆమె సామాన్ల గదిలోకి పోతే, ఇతను వెనకే పోయి లోపల గడియ పెట్టాడు. ఆమె అరిచింది, కొరికింది, తలుపు బాదింది. పెనుగులాటలో ఆమె కుడి మణికట్టు విరిగింది. పనివాళ్లంతా 'మామా' అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు తలుపు బద్దలు కొట్టించి, పోలీసులను పిలిచింది. ఆరు నెలలు జైలు. ఆ తర్వాత విమానం ఎక్కించి పంపేయాల్సిందే గానీ, కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన ఆ ఇంటి యజమానికి, ఇతని మటన్ పులావు మీద మమకారం. ఎవరెవరితోనో మాట్లాడి ఆపించాడు. అయితే మామా మాత్రం గడప తొక్కనివ్వలేదు. 'బయటెక్కడైనా బతుకు పో' అని కఫీల్ వదిలేశాడు. పోలీసులు రెండు షరతులు పెట్టారు: వారానికోసారి సంతకం, ఆడవాళ్లున్న చోట పని చేయకూడదు. పనివాళ్లను కుదిర్చే ఆఫీసులకు అతని పేరు వెళ్లింది.

ఇంత కథను ఓబులేసు నాలుగు మాటల్లో చెప్పేవాడు. "చెయ్యి తగిలింది, అంతే సామీ." గడియ ఊసు, మణికట్టు ఊసు అందులో ఏనాడూ రాలేదు.

జైలు నుంచి వచ్చాక ఏడాదిన్నర పని కోసం తిరిగాడు. ఫహాహీల్‌లో ఓ హోటలాయన నాలుగు రోజులు పెట్టుకుని, ఐదో రోజు ఎవరి నోటో విని "ఖలాస్" అన్నాడు. రొట్టెల ఫ్యాక్టరీ ఫారంలో 'ఎప్పుడైనా శిక్ష పడిందా' అన్న ప్రశ్న ఉంటే ఖాళీగా వదిలేశాడు. గుమాస్తా మిగతాదంతా వదిలి ఆ ఖాళీనే చదివాడు. ఇరవైమంది మగవాళ్లుండే ఓ మెస్సుకు పోతే, "మాది పరువు గలిగిన మెస్సు" అన్నారు. ఆ పరువు గలవాళ్లే శుక్రవారం బస్టాపులో పనిమనుషులను చూసి ఈలలు వేసేవాళ్లు. ఓబులేసును వెళ్లగొట్టిన రోజు వాళ్ల పరువు ఇంకో అంగుళం పెరిగింది. చివరికి కార్లు కడుక్కుంటూ కాలం గడిపాడు.

ఇప్పుడు ఫైలు లేదు, ఆఫీసు లేదు, ఠాణా లేదు. దేశం పోగొట్టుకున్నవాళ్లు ఏడుస్తుంటే ఓబులేసుకు పేరు తిరిగొచ్చింది.

ఫర్వానియాలో ఓ బడిని ఇండియావాళ్ల శిబిరంగా మార్చారు. యజమానులు సరిహద్దు దాటి పారిపోతే దిక్కులేక వచ్చిన పనిమనుషులు, కూలీలు అందులో ఐదొందల మంది. దానికి ప్రెసిడెంటు అబ్దుల్ ఖుద్దూస్ అనే కడప ఆయన. నిన్న మొన్నటిదాకా ఓ గోడౌనులో స్టోర్ కీపరు. యుద్ధానికి ముందు ఆయన మాట ఆయన గదిలోవాళ్లే వినేవాళ్లు కాదు. ఇప్పుడు జేబుకు మూడు పెన్నులు, మెడలో ఈల.

"ఏం పనొచ్చు నీకు?" అన్నాడు.

"వంట సార్. ఎంతమందికైనా వండతా."

"కాయితాలు?"

"యాడుండాయి సార్, అన్నీ కాలిపాయ."

"ఎవురికి మాత్రం ఉండాయిలే. యల్లా, పొయ్యి దగ్గరికి పో."

ఓబులేసు ఒళ్లు పులకరించింది. దేశం మొత్తం మీద ఎవరికీ కాగితాల్లేవు. ఇంజనీర్లు, డాక్టర్లు, అందరూ తనకు సమానం.

వంట మాత్రం నిజంగా బాగా చేశాడు. ఉన్న కందిపప్పుకు, ఎండు టమాటాకు అంత రుచి ఎలా వచ్చిందో అని జనం వేళ్లు నాకారు. ఖుద్దూస్ రెండుసార్లు భుజం తట్టాడు. ఓబులేసు తలకు తెల్లగుడ్డ చుట్టుకుని, వడ్డించేటప్పుడు ఒక్కొక్కరికీ నీతులు కూడా వడ్డించసాగాడు. "తిండి పారేయగూడదు తల్లీ, పాపం."

ఐదో రోజు మధ్యాహ్నం వరసలో ఒక ఆడమనిషి ఎడమచేత్తో పళ్లెం చాపింది. కుడిచేతి మణికట్టు వంకర తిరిగి ఉంది. ఓబులేసు ముందు ఆ మణికట్టునే చూశాడు. గరిటె గాల్లో ఆగింది. తర్వాత ముఖం చూశాడు. సుల్తాన్‌బీ. ఫహాహీల్ నుంచి పదిమంది ఆడవాళ్లతో నడిచొచ్చింది.

ఆమె పళ్లేన్ని అతని ముందు బల్ల మీద బోర్లించి, వెనక్కి తిరిగిపోయింది.

ఆ సాయంత్రం కమిటీ కూర్చుంది. అయిదుగురూ మగవాళ్లే. సుల్తాన్‌బీ జరిగింది చెప్పింది. ఆమె పక్కన ఖైరున్‌బీ కూర్చుంది. ముప్ఫై ఏళ్లుగా కువైటీ ఇళ్లల్లో వంట చేసిన పెద్దమనిషి, ఎవరినీ లెక్కచేయని మనిషి. ఓబులేసు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని, "చెయ్యి తగిలింది..." అని మొదలుపెట్టాడు.

ఖుద్దూస్ గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, బయట ట్యాంకులు తిరగతాండాయి. ఈ టైములో పాతవన్నీ తవ్వుకుంటే ఎట్లా?"

"వంట బాగా చేస్తాండాడు గదా," అన్నాడు తిమ్మయ్య అనే మెంబరు. అదే అసలు పాయింటన్నట్టు మిగతావాళ్లు తలలూపారు. "మనిషి మారినాడేమో."

"మారినాడని నీకెవురు చెప్పినారన్నా?" అంది ఖైరున్‌బీ. "పప్పు చెప్పిందా?"

ఖుద్దూస్ ఈల సవరించుకుని, "కొంచెం సర్దుకోండమ్మా," అన్నాడు.

"సరే, సర్దుకుంటాం," అంది ఖైరున్‌బీ.

మరునాడు పొద్దున్నే శిబిరంలోని అరవైమంది ఆడవాళ్లూ తమ వంతు బియ్యం, పప్పు, కిరసనాయిలు స్టవ్వులు సర్దుకుని వెనక వరండాలోకి మారిపోయారు. అప్పటిదాకా ఓబులేసు వంటింట్లో బియ్యం ఏరింది, ఉల్లిగడ్డలు తరిగింది, గుండిగలు తోమింది వాళ్లే. ఆ పని ఒకటుందని కమిటీకి అంతవరకు తెలియదు. మూడు రోజుల్లో గుండిగలు అడుగంటాయి, పప్పులో పురుగులు తేలాయి. వెనక వరండా నుంచి మాత్రం కమ్మని వాసన వచ్చేది. మగవాళ్లు ఏదో పనున్నట్టు అటువైపు తచ్చాడసాగారు. మూడో రోజు మధ్యాహ్నం తిమ్మయ్య అన్నంలో రాయి కొరికాడు. పన్ను సగానికి విరిగింది. ఆడవాళ్ల మాట వినని కమిటీ, ఆ రాయి మాట వెంటనే వింది.

ఖుద్దూస్ వరండా మెట్ల దగ్గరికొచ్చి, "మీరేం చెప్తే అదే," అన్నాడు.

ఖైరున్‌బీ చెప్పింది. వంటిల్లు తామే చూసుకుంటారు. ఓబులేసు వంటింటి ఛాయలకు గానీ, ఆడవాళ్ల గదుల వైపు గానీ రాకూడదు. శిబిరం రిజిస్టర్లో అతని పేరు పక్కన ఎందుకని కారణం ఉండాలి. దాన్ని అతనే రాయాలి.

ఓబులేసు ఆ రిజిస్టరు వైపు చూశాడు. అంత పెద్ద ఠాణా కాలిపోతే, ఈ ముసల్ది పది రోజుల్లో మళ్లీ పుస్తకం తెరిచింది! ఒక రాజ్యానికి లేని పట్టుదల దీనికెక్కడిది అనుకున్నాడు. కానీ వెళ్లిపోదామంటే గేటు బయట సైనికులున్నారు. పెన్ను తీసుకున్నాడు.

'చెయ్యి తగిలినందున' అని రాశాడు.

ఐదో తరగతి చదివిన సుల్తాన్‌బీ వంగి చూసింది. "కొట్టెయ్."

'గొడవ జరిగినందున' అని రాశాడు.

"ఎవురెవురికి గొడవ? కొట్టెయ్."

మూడోసారి చాలాసేపు పట్టింది. ఫ్యాను లేని గదిలో అతని చెమట కాగితం మీద పడింది. 'సామాన్ల గదిలో గడియ పెట్టి ఆమెను పట్టుకున్నాను. ఆమె చెయ్యి విరిగింది.'

సుల్తాన్‌బీ తన కుడిచేతిని బల్ల మీద, ఆ వాక్యం పక్కనే పెట్టింది.

"విరగలా," అంది. "విరిచినావు."

ఓబులేసు ఆ చేతిని చూశాడు. ఏడాదిన్నరగా వందమందికి చెప్పిన కథలో ఆ చెయ్యి లేదు. ఇప్పుడు కళ్ల ముందుంది, జానెడు దూరంలో. తల దించుకుని ఒక్క మాట కొట్టేసి, 'విరిచాను' అని రాశాడు. రాశాక ఏదో బరువు దిగుతుందని ఆశపడ్డాడు గానీ అలాంటిదేమీ జరగలేదు. సుల్తాన్‌బీ రిజిస్టరు మూసి పట్టుకుపోయింది.

పని మాత్రం దొరికింది. ఊళ్లో చెత్త ఎత్తే నాథుడు లేడు. వీధులన్నీ కంపు కొడుతున్నాయి. దొరికిన సూపర్ మార్కెట్ ట్రాలీ ఒకటి ఓబులేసుకు అప్పజెప్పారు. ఐదొందల మంది చెత్తను ఆ ఎండలో దూరంగా ఉన్న మైదానం దాకా తోసుకుపోయి తగలబెట్టాలి. మొదటి వారం అతను చాలా దీనంగా ముఖం పెట్టుకుని తోశాడు, ఎవరైనా అయ్యో అంటారని. ఈగలు తప్ప ఎవరూ దగ్గరికి రాలేదు. రెండో వారం నుంచి ముఖం సంగతి మర్చిపోయి తోశాడు. చెక్‌పోస్టు దగ్గర అందరి గడియారాలూ లాక్కునే సైనికులు ఇతన్ని ముక్కు మూసుకుని వదిలేసేవాళ్లు.

సెప్టెంబరు చివర బస్రా మీదుగా జోర్డాన్‌కు బస్సులు కుదిరాయి. ఖుద్దూస్ తన ప్రెసిడెంటుగిరీ అయిపోతోందన్న దిగులుతో శిబిరంలో ప్రతివాడికీ ఓ సర్టిఫికెట్ రాసిపెట్టాడు. ఓబులేసు కూడా పోయి నిలబడ్డాడు.

"సార్, నేను వండినాను గదా. మంచి వంటోడని రెండు ముక్కలు..."

ఖుద్దూస్ చెయ్యి రాయబోయింది. ఎదురుగా మూటలు కట్టుకుంటున్న ఖైరున్‌బీ తలెత్తి చూసింది. చెయ్యి ఆగి, వేరే దారి పట్టింది. 'ఓబులేసు ఈ శిబిరంలో ముప్ఫై రోజులకు పైగా చెత్త సక్రమంగా ఎత్తినాడు. నడత గురించి అడిగినవారికి ఇతడే స్వయంగా చెప్పుకోవలెను.'

మగవాళ్ల బస్సులో వెనక సీట్లో కూర్చుని, ఎడారంతా ఆ కాగితాన్ని చింపేయాలని అనుకుంటూనే ఉన్నాడు. కానీ ఏడేళ్ల కువైట్ బతుకులో అతనికి మిగిలిన కాగితం అదొక్కటే.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది సుల్తాన్‌బీ మళ్లీ కువైట్ పోయిందని, ఈసారి వంటమనిషిగా కుదిరిందని రాయచోటిలో ఎవరో అన్నారు. ఓబులేసు అప్పటికి అదే ఊళ్లో పని కోసం తిరుగుతున్నాడు. బస్టాండు పక్క హోటలాయన అతని కాగితం ఆసాంతం చదివాడు.

"ఏందయ్యా ఇది? నడత నువ్వే చెప్పాల్నంట?"

పాత నాలుగు మాటలూ నోటిదాకా వచ్చాయి. ఓబులేసు వాటిని మింగేశాడు.

"ఒకామెను గదిలో పెట్టి గడియేసినా సామీ. చెయ్యి విరిచినా. జైలుకు పోయొచ్చినా."

హోటలాయన అతన్ని కిందికీ మీదికీ చూశాడు. "ఈడ ముగ్గురు ఆడోళ్లు గిన్నెలు కడగతారు. నీకు ఈడ పనిల్యా. మా బామ్మర్దికి కట్టెల డిపో ఉండాది. ఆడంతా మగోళ్లే. ఇదే మాట ఆయప్పకూ చెప్పు. పెట్టుకుంటే పెట్టుకుంటాడు."

నిజం చెప్పినందుకు ఒక మెచ్చుకోలు మాట వస్తుందేమోనని ఓబులేసు ఇంకాసేపు నిలబడ్డాడు.

"ఇంకా ఏంది?" అన్నాడు హోటలాయన, దోసె తిరగేస్తూ.

"ఏమీల్యా సామీ," అని, డిపోకు దారి అడిగి బయల్దేరాడు.