ప్రొజెక్టర్ ముందు మరిచిపోయిన అద్దం

తొమ్మిదేళ్లుగా ఒక మాట గొంతులో అడ్డంపడి ఉంది. మింగుడుపడదు, బయటికీ రాదు. భార్యకు చెప్పలేదు. ఏడుకొండల కింద ఇల్లు కట్టుకుని కూడా ఆ దేవుడికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

నేను సినిమా కెమెరామన్‌ని. మా పనిలో రిటైర్మెంటు ఉండదు, పిలుపులు ఆగిపోతాయి, అంతే. అవి ఆగాక చంద్రగిరి వచ్చేశాను. ఈమధ్య ఒక పత్రికవాళ్లు ఛాయాగ్రహణానికిచ్చే పెద్ద అవార్డుల చరిత్ర రాయమన్నారు. హుషారుగానే మొదలుపెట్టాను. ఒకప్పుడు నలుపు తెలుపు సినిమాలకొకటి, రంగుల సినిమాలకొకటి విడివిడిగా ఇచ్చేవారు. నలుపు తెలుపులో తీసేవాళ్లు కరువయ్యాక రెండూ కలిపేశారు. కెమెరామన్‌తో పాటు ఫిల్మ్ కడిగిన ల్యాబునూ గుర్తించిన రోజులున్నాయి. బొమ్మ ఒక్కడి చేతిలో తయారుకాదని ఆనాటి పెద్దలకు తెలుసు. ఇంతవరకూ బాగానే సాగింది. ఒక ఏడాది దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఆ ఏడు ఎంపిక కమిటీలో నేనున్నాను. గెలిచినవాడి పేరు రాయాలి. రాయలేకపోయాను. పాపం, అతని తప్పేమీ లేదు.

ఓడినవాడు మునికృష్ణ. అసలు పేరు అది కాదు, మీకు చెప్పడానికి నేను పెట్టింది. వడమాలపేట మనిషి. మద్రాసులో ఇద్దరం ఒకే గురువు దగ్గర అసిస్టెంట్లుగా చేరాం, ఒకే గదిలో ఉన్నాం. అప్పట్నుంచీ మాకో అలవాటు. ఎవరి సినిమా తయారైనా బయటికి పోయేముందు రెండోవాడు చూడాలి. నెలల తరబడి అదే బొమ్మ చూసి చూసి తీసినవాడి కన్ను మొద్దుబారిపోతుంది. చీకటి ఎక్కువైందో, వెలుతురు ఎక్కువైందో తేల్చుకోలేడు. కాబట్టి రెండోవాడు చెప్పిందే ఖాయం. వాదన ఉండదు. అన్నేళ్లలో అతను నాకు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

ఆ ఒక్క సినిమా మాత్రం నేను ముందుగా చూడలేదు. కమిటీలో ఉన్నవాణ్ణి, చూడకూడదు. మిగతా సభ్యులతో కలిసి హాల్లోనే చూశాను. పల్లె కథ. సగం సినిమా పొయ్యి మంట వెలుతురులో, కిటికీలోంచి పడే కాస్త వెలుగులో తీశాడు. తెరమీద ఏమీ తెలియడం లేదు. మొహాలు బొగ్గుముద్దల్లా ఉన్నాయి. పక్కన కూర్చున్న పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

మధ్యలో అందరూ టీకి లేచినప్పుడు నేను ప్రొజెక్టర్ గదిలోకి వెళ్లాను. అనుమానమొచ్చింది. త్రీడీ సినిమా వేసేటప్పుడు ప్రొజెక్టర్ ముందు వెలుతురును వడకట్టే ఒక అద్దం పెడతారు. మామూలు సినిమాకు దాన్ని పక్కకు తీసేయాలి. తీయకపోతే సగానికి పైగా వెలుతురు అందులోనే ఆగిపోతుంది. ముందురోజు ఆ హాల్లో త్రీడీ సినిమా వేశారు. అద్దం అక్కడే ఉంది. పొద్దున వేసిన సినిమాలన్నీ మంచి ఎండలో తీసినవి, అందుకే ఎవరూ పసిగట్టలేదు. ఆపరేటర్ కూడా టీకి పోయినట్టున్నాడు, గదిలో ఎవరూ లేరు. చెయ్యి చాపితే అందుతుంది. ఒక్క నిమిషం నిలబడ్డాను. దాన్ని ముట్టుకోకుండానే దిగివచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

ఎందుకు? ఈ ప్రశ్నకు రకరకాల జవాబులు చెప్పుకున్నాను. స్నేహితుడి తరఫున నోరెత్తితే పక్షపాతమంటారని భయపడ్డానట. ఎంత చక్కటి సాకు! అద్దం తీయించడానికి పక్షపాతం దేనికి? నిజం చాలా చిన్నది, చవకబారుది. ఆ అవార్డు నాకెప్పుడూ రాలేదు. ఏ షూటింగుకు పోయినా, మీరు మునికృష్ణతో కలిసి పని నేర్చుకున్నారట కదా అని అడిగేవాళ్లే తప్ప, నేనేం తీశానో అడిగినవాడు లేడు. కడుపుమంట. అతనికి రాకూడదనుకున్నాను. చర్చలో అందరూ చీకటి ఎక్కువైందన్నారు. నేను తలూపాను.

అక్కడితో ఆగినా సరిపోయేది. అవార్డు రాకపోతే ఎవరూ చచ్చిపోరు. ఫలితాలు వచ్చిన వారానికి మునికృష్ణ మా ఇంటికొచ్చాడు. బొమ్మ మసకగా ఉందని కమిటీ అనుకున్నట్టు ఎవరో అతని చెవిన వేశారు. మనిషిలో కోపం లేదు. మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగుతూ, మా పాత అలవాటు ప్రకారమే అడిగాడు.

“నువ్వు సూసినావు కదప్పా. నువ్వు సెప్పు. నిజంగానే అంత సీకటిగా ఉండిందా?”

అద్దం సంగతి చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. నోరు తెరిచాను కూడా.

“ఉండిందప్పా. మొగాలే తెలీలేదు.”

అతను మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాడు.

“నాకు అన్నీ కనిపించినాయే. అయితే నా కండ్లే పోయినాయి. పోనీలే, నువ్వన్నా నిజం సెప్పినావు.”

ఆ తర్వాత అతను ఇంకే సినిమా ఒప్పుకోలేదు. కంటి డాక్టర్లు ఏ దోషమూ లేదన్నారు. బొమ్మ సంగతి వాళ్లకేం తెలుసు అన్నాడట. సినిమా చూసినవాళ్లు బాగుందంటే మొహమాటానికి అంటున్నారనుకున్నాడు. నా మాట మాత్రం నమ్మాడు. ఆ సినిమా తిరుపతిలో విడుదలైనప్పుడు నేనొక్కణ్ణే మ్యాట్నీకి వెళ్లాను. పొయ్యి ముందు కూర్చున్న తల్లి నుదుటి మీద చెమట తెలుస్తోంది. వెనక చీకట్లో గోడకానుకుని నిలబడ్డ పిల్ల కళ్లు తెలుస్తున్నాయి. నా జన్మలో నేనలాంటి బొమ్మ తీయలేదు, తీయలేను. ఏడుపొచ్చింది. అప్పుడైనా ఫోన్ చేశానా? లేదు. ఒక్కరోజు ఆగితే ఇంకోరోజు ఆగడం తేలిక, తర్వాత ఏళ్లు వాటంతటవే గడిచిపోతాయి.

ఇప్పుడతను పుత్తూరులో ఫ్లెక్సీలు అచ్చేస్తున్నాడు. పోయిన నెల అంతా చెప్పేద్దామనే వెళ్లాను. పెళ్లి ఫ్లెక్సీ ఒకటి కంప్యూటర్లో దిద్దుతున్నాడు. పెళ్లికూతురి మొహానికి వెలుతురు పెంచుతూనే ఉన్నాడు, ముక్కేదో బుగ్గేదో తెలియనంత తెల్లగా. నీడలతో పని చేసిన మనిషి. ఇప్పుడు మొహం తెలుస్తోందా, చూడమని నన్నడిగాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా నన్నే అడిగాడు. తెలుస్తోందన్నాను. బస్సెక్కి వచ్చేశాను.

ఇదీ సంగతి. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఇంత రాశాక గుండె కాస్త తేలికపడింది. సిగ్గుగా కూడా ఉంది, తేలికపడాల్సింది నేను కాదు కదా. మునికృష్ణ కళ్లకు ఏమీ కాలేదు. ఆ సంగతి ఇప్పుడు నాకూ మీకూ తెలుసు. అతనికి తెలియదు.