దూది మామ ఆరబెట్టిన చెక్క

దూది మామ పోయాడు. గోరంట్ల సంతకు వెళ్లిన మా ఆయన ఆ కబురు తెచ్చి గడప మీదే కూర్చుండిపోయాడు. చెల్లెలి ఇంట్లో జ్వరంతో పోయాడట, మట్టి కూడా అయిపోయిందట. మాకు చెప్పి పంపాలని ఎవరికీ తోచలేదు. వాళ్ల తప్పేం లేదు. మేము ఆయనకు చుట్టాలం కాము, ఒకప్పటి గోడ పక్కవాళ్లం.

నేను కాపురానికి వచ్చినప్పుడు వేసిన పరుపు మామ ఏకిన దూదిదే. ఇప్పటికీ దాని మీదే పడుకుంటున్నాం. మనిషంత విల్లును దూలానికి వేలాడదీసి, దాని నరాన్ని కొయ్య గుండుతో మీటుతుంటే ఇటు మా వంటింట్లో గిన్నెలు అదిరేవి. కొత్త కోడల్ని కాబట్టి ఇంట్లో నోరు మూసుకుని ఉండేదాన్ని. ఆయనతో మాత్రం గోడ మీది నుంచి తెగ వాగేదాన్ని.

డెబ్బైల్లో వానలు ఎగ్గొట్టిన ఒక ఏడు ఆ విల్లు నిలువునా పగిలింది. తాడు చుట్టి నెట్టుకొస్తున్నాడు. మా చేను గట్టు మీద ఒక నెమలినార చెట్టు ఉండేది. దాని నీడన పడుకునే ఎద్దులను అప్పటికే అమ్మేశాం. ఇక చెట్టుతో పనేముందని దాన్ని కొత్త విల్లు కోసం మామకు ఇచ్చేశాం.

కొట్టిన రోజే చీలలు దిగ్గొట్టి నాలుగు బద్దలు చేశాడు. బెరడు ఒలిచాడు. కొసలకు పేడ, బంకమట్టి కలిపి దట్టంగా మెత్తాడు. ఖాళీగా ఉన్న మా ఎద్దుల కొట్టంలో, అటక మీద నీడన పెట్టాడు. పచ్చి నెమలినార కంపు ఎట్లా ఉంటుందో మీకు తెలుసో లేదో. నాకైతే కొన్నాళ్లు అన్నం సయించలేదు.

"ఎండలో పారేస్తే బిరీన ఆరిపోతాది కదా మామా" అన్నాను ముక్కు మూసుకుని.

"పగిలి కూచుంటాది. కొసల్లోంచి తడి ఒకేసారి పోగూడదు కోడలా, మెల్లగా పోవల్ల. తొందర నీకుండాది గానీ చెక్కకు లేదు."

అప్పుడప్పుడూ వచ్చి, బద్దకు చెవి ఆనించి వేలి కణుపుతో తట్టేవాడు. పచ్చిది మొద్దుగా పలుకుతుందట, ఆరింది ఖణ్ అంటుందట. నా చేతా తట్టించాడు. వెంట ఆయన కూతురు వచ్చేది, తల్లి లేని పిల్ల. తనూ తట్టి, పెద్ద పనిమంతురాలిలాగా "ఇంగా పచ్చి" అని తీర్పు చెప్పేది. మామ తల ఊపేవాడు.

మరుసటి ఏడూ వాన లేదు. ఎండిన ఏట్లో తవ్విన చెలమల నీళ్లు తాగి ఊరంతా వాంతులు, భేదులు. ఆ పిల్ల పొద్దున పడకేసింది. పొద్దు గూకేలోగా పోయింది.

మామవాళ్లు దూదేకుల సాయిబులు, గోరీలో మట్టి నేరుగా శవం మీద పడకుండా పైన బండలు పరుస్తారు. బండలు దూరం నుంచి బండి మీద రావాలి. ఊళ్లో బండి లాగే ఎద్దు ఒక్కటీ మిగల్లేదు. పెద్దలు దిక్కు తోచక నిలబడ్డారు. మామ మా కొట్టంలోకి వచ్చి బద్దలు దించాడు.

"చిన్నాయనా, ఇవి గూడా పోతే నీకు విల్లెట్ల?" అన్నాడు మా ఆయన.

"బిడ్డ మీద మన్ను పడగూడదప్పా. రంపం ఆ పక్క పట్టుకో."

మూడు బద్దలు సరిపోయాయి. చిన్న పిల్ల కదా. ఆ రోజు ఆకాశం మీద వచ్చినంత కోపం నాకు ఇప్పటివరకూ ఎవరి మీదా రాలేదు.

తాడు చుట్టిన విల్లు ఆ చలికాలంలోనే విరిగింది. మామ కరువు పనిలో కంకర కొట్టడానికి పోయాడు. నాలుగో బద్ద మా అటక మీదే ఉండిపోయింది. పరుపుల కోసం అడిగేవాళ్లు అప్పటికింకా ఉన్నారు. విల్లు చేసుకో మామా అని ఏటేటా పోరేదాన్ని. ఆయన వచ్చి తట్టేవాడు, చెవి ఆనించి చాలాసేపు వినేవాడు.

"ఇంగా పచ్చి" అనేవాడు.

సత్తువ ఉడిగి గోరంట్లకు వెళ్లిపోయేటప్పుడు కూడా తట్టి చూసి అదే మాట అన్నాడు. నేను మళ్లీ అడగలేదు.

ఈ రోజు నిచ్చెన వేసుకుని ఆ బద్దను దించాను. కొసల మట్టి ఊడలేదు, దాని మీద ఆయన వేళ్ల గుర్తులు అలాగే ఉన్నాయి. ఈ చివర నుంచి ఆ చివరకు ఎక్కడా చిన్న పగులు లేదు. చెవి ఆనించి కణుపుతో తట్టాను.

ఖణ్ మంది.