వదిన తుడిచేసిన లయ

మా వదిన గురించి రాయాలంటే నేనే రాయాలి. అన్నయ్య రాస్తే భయంతో పొగుడుతాడు, ఆమె రాసుకుంటే ఒక్క ముక్కలో ముగిస్తుంది. నాకా బాధలు లేవు. తొమ్మిదో తరగతిలో చదువే నన్ను వదిలేసి పోయింది, ఇప్పుడు సిటీ బస్సు కండక్టర్ని. ఒకసారి బ్రేకులు పోయిన బస్సును ఒట్టి విజిల్‌తో ఎనిమిది మైళ్లు నడిపించి డిపోలో పెట్టాను. నమ్మకపోతే మీ ఖర్మ. కానీ ఈ కింద రాసేది మాత్రం కోత కాదు.

వదిన ఆసుపత్రిలో మెదడు తరంగాలు తీసే టెక్నీషియన్. ఇరవై రెండేళ్లుగా ఒకటే గది. ఓ వాలుకుర్చీ, పాత మిషను, జిగురుపేస్టు డబ్బా, గోడమేకుకు వేలాడే ఇరవై ఒక్క తీగలు. వచ్చినవాళ్ల జుట్టు పాయలు తీసి, చర్మం తుడిచి, ఒక్కో తీగా అంటిస్తుంది. చేసేదంతా చాలావరకు మూర్ఛ రోగులకే. వాళ్లు పళ్లు బిగించినా, నుదురు ముడిచినా కండరాల అదురు తెర మీద పిచ్చిగడ్డిలా మొలుస్తుంది. వదిన చేతిలో మాత్రం అదేమీ ఉండదు. "అచ్చేసినట్టుంటాయమ్మా నీ బొమ్మలు" అని పెద్ద డాక్టర్లే అంటారు. ఆ మాట ఆమెకు నగతో సమానం. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లకైతే అంతకంటే ఎక్కువ. ఆమె తీసిన గీతల్ని బట్టే వాళ్లు తమ తలల్ని నమ్మాలి.

ఆ మధ్య ఒక కొత్త డాక్టరమ్మ వచ్చింది. ఎవరూ లేనప్పుడు గొంతులు వినిపించే జబ్బు మీద పరిశోధన. ఆ సంగతి వదిన భోజనాల దగ్గర చెప్పింది.

"మెదడులో ఎక్కువ కణాలు 'పద, పద' అనేవే. అయిదింట ఒకటో ఏమో 'ఆగు' అంటుంది. ఆ ఆగమనేవన్నీ ఒకేసారి బిగబట్టి, ఒకేసారి వదుల్తాయి. ఆ బిగువులోంచే లయ పుడుతుంది. సెకనుకు నలభై సార్లు, అటూ ఇటూగా. గామా లయ అంటారు."

"అంటే కండక్టర్లన్నమాట!" అన్నాను.

"తిను ముందు."

"కాదొదినా, ఆలోచించు. నా విజిల్ లేకపోతే ఎక్కేవాడు ఎక్కుతూ, దిగేవాడు దిగుతూనే ఉంటారు. బస్సు మాత్రం కదలదు."

అన్నయ్య నవ్వాడు గానీ వదిన నవ్వలేదు. "మొదటిసారి పనికొచ్చే మాట అన్నావు. ఆ విజిలూదే కణాలు నీరసపడితే లయ చెదిరిపోతుంది. ఆ జబ్బులో అదే జరుగుతోందని మేడమ్ అనుమానం."

పరీక్ష తేలికే. చెవుల్లో సెకనుకు నలభై టక్కులు వినిపిస్తారు. బాగున్న మెదడు ఆ టక్కులతోపాటు ఊగుతుంది. నీరసించిన మెదడు వెనకబడుతుంది. అప్పటికి పదకొండుమంది రోగులకు తీశారు. అందరిలోనూ లయ దాదాపు సున్నా. "అనుకున్నట్టే!" అని డాక్టరమ్మ పొంగిపోయి, ఆ మాట వాళ్లకూ చెప్పేసింది. ఇక పోల్చడానికి జబ్బులేని మనిషి కావాలి.

"నీకంటే తగినవాడెవడున్నాడు? తిండి, నిద్ర, కోతలు, మూడూ సమృద్ధి" అంది వదిన.

"నా మెదడు పెడితే నీ మిషను కాలిపోతుంది, ఆలోచించుకో" అని చెప్పి మరీ వెళ్లాను. అరగంట టక్కులు విన్నాను. తల కడుక్కుని డ్యూటీకి పోయాను.

మర్నాటి నుంచి వదిన మారిపోయింది. నేను ఆలస్యంగా లేస్తే తిట్టలేదు. పడవకంటే పెద్ద చేపను పట్టిన కథ చెబితే "నోర్ముయ్" అనలేదు. కళ్లార్పకుండా నన్నే చూసింది. మూడోరోజు పొద్దున టీ ఇస్తూ మెల్లగా అడిగింది.

"నీకెప్పుడైనా... ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తాయా?"

"ఎందుకు వినిపించవు? స్టాపు లేని చోట 'ఆపవయ్యా, ఆపవయ్యా' అంటూ..."

వదిన ఏడ్చేసింది. ఇన్నేళ్లలో ఆమె ఏడవగా నేను చూడలేదు. గ్లాసు కింద పెట్టేశాను.

"నీకు కూడా లయ లేదురా. ఆ పదకొండుమందికి వచ్చినట్టే సున్నా వచ్చింది. చిన్నప్పట్నుంచీ నువ్వు చెప్పే ఆ అబద్ధాలన్నీ... జబ్బేమోనని నాకు తట్టనే లేదు."

నేను చెప్పినవి కథలేనని నాకు తెలుసు. తెలుసుననే అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆ తెలియడం మీదే నమ్మకం పోయింది. ఎనిమిది మైళ్ల బస్సు నేను అల్లిన కథేనా, లేక నిజంగా జరిగిందని నాకు అనిపిస్తోందా?

"నీకు తీసుకో" అన్నాను చివరికి. "నీ తల మీద పెట్టి చూడు. నీది బావుంటే అప్పుడు నేను ఒప్పుకుంటా."

డ్యూటీ ఎగ్గొట్టి ఆమె వెంట వెళ్లాను. వాలుకుర్చీలో వదిన కూర్చుంటే తీగలు నేను అంటించాను. "చెవి పైన, ఇంకా పైన, అయ్యో, అది నా కన్ను" అంటూ ఆమె చెప్పినట్టల్లా చేశాను. మిషను ఆమే సిద్ధం చేసుకుంది, రోజూలాగే చకచకా. టక్కులు మొదలయ్యాయి. అయిదు నిమిషాల తర్వాత లెక్క తెర మీదకు వచ్చింది.

వదిన లయ కూడా సున్నాయే.

"నాకూనా?" అంది. ఒక్క క్షణం ఇద్దరం జబ్బు మనుషుల్లాగే ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తర్వాత ఆమె చూపు తెర అడుగున ఒక చిన్న అంకె మీద ఆగింది. ముప్పై అయిదు.

"నేనే" అంది. "నేనే కోసేశాను."

కండరాల పిచ్చిగడ్డి రాకుండా, సెకనుకు ముప్పై అయిదు దాటిన అదురునంతా కోసేసే ఫిల్టరది. ఆమె బొమ్మలు అచ్చేసినట్టుండడంలో రహస్యమూ అదే. ఇరవై రెండేళ్లుగా రోజూ పొద్దున్నే ఆమెతో పని లేకుండా వేలే వెళ్లి దాన్ని నొక్కేది. వెతుకుతున్నదేమో నలభై. ఆ పాత మిషను జల్లెడ పట్టిన పిండినే దాచుకుని పొట్టు పారేస్తుంది. ఈసారి కావలసింది పొట్టు. మొదటి పదకొండుమందీ రోగులే కావడంతో, సున్నా వస్తే ఎవరికీ వింత అనిపించలేదు.

ఫిల్టర్ తీసేసి మళ్లీ పెట్టింది. పిచ్చిగడ్డి మధ్యలోంచి నలభై దగ్గర ఒక మొన నిటారుగా లేచింది. తర్వాత నాకు తీసింది. నాదీ లేచింది. ఎగిరి గంతేశాను. వదిన మాత్రం మిషను ముందు నుంచి కదల్లేదు.

"ఊరుకో ఒదినా, ఎవరికి తెలుసు? మిషను పాడైందని చెప్పు."

"పదకొండుమందికి చెప్పారురా, మీ మెదడులో లయ లేదని."

అలాగే, తల మీద పేస్టు మరకలతోనే, డాక్టరమ్మ గదికి వెళ్లింది. తలుపు దగ్గర నిలబడి నేను విన్నాను. ఒక్క వాక్యంలో చెప్పేసింది. డాక్టరమ్మ చేతిలో పెన్ను కదలడం మానేసింది. తలెత్తి అడిగింది, "అందరివీనా?"

"అందరివీ మేడమ్."

ఆ మధ్యాహ్నం నుంచి వదిన ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసింది. సాయంత్రానికీ ఫోన్ ఎత్తని ఒకామె కోసం నన్ను వెంటబెట్టుకుని ఇంటికే వెళ్లింది. ఆమె టైలర్. ముందుగదిలో కుట్టు మిషను మీద దుప్పటి కప్పి ఉంది. సగం కుట్టిన రవిక పక్కన కుర్చీలో పడి ఉంది.

వదిన జరిగింది చెప్పింది. టైలరమ్మ విన్నది. అరవలేదు.

"మూడు వారాలైందమ్మా మిషను ముట్టుకుని" అంది. "లోపల లయే లేదన్నారు కదా. కాలు తొక్కుతుంటే చెయ్యి తప్పుతుందేమో, సూది వేల్లో దిగుతుందేమో అని. గొంతులు వినిపించినప్పుడు కూడా పని ఆపలేదు నేను. మీరు చెప్పాకే ఆపాను."

వదిన చీర కొంగు గుప్పిట్లో నలుగుతోంది.

"మళ్లీ తీస్తామమ్మా. ఏమొస్తుందో ఇప్పుడే చెప్పలేను. నిజంగానే తక్కువ రావచ్చు. తక్కువొచ్చినా, కుట్టగలవో లేదో చెప్పే పరీక్ష కాదది. ఆ మాట మేం మొదటే చెప్పాల్సింది."

"ఈసారి ఎవరు తీస్తారు?"

"నువ్వు ఎవరిని తియ్యమంటే వాళ్లు. నన్ను బయట కూర్చోమన్నా కూర్చుంటాను."

టైలరమ్మ ఆమెను తలనుంచి కాళ్లదాకా చూసింది. జుట్టులో ఎండి అట్టకట్టిన పేస్టు దగ్గర ఆమె చూపు ఆగింది.

"నువ్వే తియ్యి" అంది. "కానీ నొక్కే ప్రతి మీటా నాకు చెప్పి నొక్కు."