కత్తి కన్నా ముందు ఊరు అడిగిన సువార్త మేడమ్

గత మంగళవారం ఉదయం గుడివాడ నుంచి ఫోను వచ్చింది. "మేడమ్ గారు ఇక లేరమ్మా" అన్నది అవతలి గొంతు. ఏ మేడమ్ అని నేను అడగలేదు. గుడివాడలో చదువుకున్న మా తరానికి మేడమ్ గారంటే ఒక్కరే. జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం బోధించిన సువార్త మేడమ్. మచిలీపట్నం ఆసుపత్రిలో హృద్రోగానికి చికిత్స పొందుతూ ఆమె తుదిశ్వాస విడిచారు. అంతకు ముందు ఆదివారమే నాతో పకపకా నవ్వుతూ మాట్లాడిన ఆ కంఠం శాశ్వతంగా మూగబోయిందంటే మనసు ఇప్పటికీ అంగీకరించడం లేదు. అయినా ఈ నాలుగు మాటలూ విలపిస్తూ రాయలేను. ఆమెది ఆద్యంతం గెలిచిన జీవితం.

మేడమ్ గారిది మొవ్వ దగ్గర చిన్న పల్లె. వరి నాట్లు వేసిన చేతులతోనే ఎమ్మెస్సీ పట్టా అందుకున్న క్రైస్తవ కుటుంబపు బిడ్డ. ఆమె తమ్ముడు ఓడలో ఉద్యోగి. తొంభైల మధ్యలో సెలవుకు వచ్చినప్పుడు ఏదో విదేశీ రేవులో కొన్న పెట్టె ఒకటి అక్కకు కానుకగా తెచ్చాడు. అందులో రంగురంగుల పాచికలు, లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉన్నాయి. అది బల్ల చుట్టూ కూర్చుని కథను ఆడే ఆట. ఒకరు కథ చెబుతారు. మిగిలినవారు తలా ఒక పాత్రను సృష్టించుకుని, ఆ కథలో తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. చేసిన పని నెగ్గిందో లేదో పాచిక తేలుస్తుంది. ఆదివారం ప్రార్థన ముగిశాక గుడివాడలో మేడమ్ గారి ఇంటి వరండాలో విద్యార్థులమైన మాతో ఆ ఆట సాగేది.

పుస్తకం ప్రకారం పాత్రకు బలం, ఆయుధం, మంత్రశక్తి ఉంటే చాలు. మేడమ్ గారికి అది చాలలేదు. ఆయుధం రాసుకునే ముందు ఆ పాత్ర పుట్టిన ఊరు, ఇంట్లోవాళ్లు చేసే పని, ఆ పెంపకంలో అబ్బిన నైపుణ్యాలు రాయాలని నియమం పెట్టారు. వాటికి 'పుట్టింటి విద్యలు' అని పేరు. "మగ వీరుడికి పుట్టిల్లేంటండీ?" అని మెకానిక్ గారబ్బాయి రాంబాబు నవ్వితే, "ఏం, నీ వీరుడు చెట్టుకి కాశాడా? మనిషి కత్తి పట్టుకుని పుట్టడురా. ముందు వాళ్లమ్మ ఏం చేసేదో చెప్పు" అన్నారు. ఆ మాట మా అందరికీ కంఠస్థమైపోయింది.

మాది దివిసీమలో సముద్రపు ఒడ్డు పల్లె. నాన్న వేటకు వెళ్లేవాడు, అమ్మ చేపలు ఎండబెట్టి అమ్మేది. హాస్టల్లో నా ట్రంకుపెట్టె తెరిస్తే తోటి అమ్మాయిలు ముక్కు మూసుకునేవారు. అందుకే ఆ వరండాలో నా తొలి పాత్రగా విలువిద్య తెలిసిన రాజకుమారిని ఎంచుకున్నాను.

"మీ రాజకుమారికి విల్లు కాకుండా ఇంకేం వచ్చమ్మా?" అని అడిగారు మేడమ్.

"ఏమీ రాదండీ. రాజకుమారి కదండీ!"

"పదహారేళ్లూ ఊరికే కూర్చుందా? కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయే పాపం!"

అందరూ నవ్వారు. మేడమ్ గారు మాత్రం కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "కోట పక్కన ఏముంది?"

"సముద్రమండీ."

"పొద్దున్నే ఆ ఒడ్డున ఏం జరుగుతుంది?"

చెప్పడం మొదలుపెట్టాను. పడవలు ఎలా వస్తాయో, చేప పొట్ట చీల్చి ఉప్పు ఎలా పట్టిస్తారో, గాలి మారితే ఎండబెట్టినవన్నీ ఎలా పరుగున ఎత్తుకొస్తారో, గంప దించకుండానే అమ్మ ఎలా బేరమాడుతుందో... ఆపుదామన్నా ఆగలేదు. చివరికి ఆపి చూస్తే అందరూ నా వైపే వంగి వింటున్నారు. మేడమ్ గారు నా కాగితం తీసుకుని పుట్టింటి విద్యలు రాశారు. గాలిని బట్టి వాన చెప్పడం, చేపకు ఉప్పు పట్టించడం, బేరమాడడం. బేరానికి అన్నింటికన్నా ఎక్కువ బలం ఇచ్చారు. "ఇంక ఈవిడకి విల్లెందుకండీ? బేరానికి దిగితే శత్రువే బాణాలు ఇచ్చేసి పోతాడు!" అన్నాడు రాంబాబు. ఆ రోజు నుంచి హాస్టల్లో నా పేరు రాజకుమారి. ఆ పిలుపులో వెటకారం లేదు.

కొన్నాళ్లకు చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి. రైల్వేలో పనిచేసి రిటైరైన సంఘ పెద్ద ఇశ్రాయేలు గారు ఒక ఆదివారం నేరుగా వరండాకే వచ్చారు. "పాచికలంటే జూదమే కదమ్మా సువార్తా! పరిశుద్ధ దినాన పిల్లల చేత ఇదేం పని? ఆపెయ్యాలి" అన్నారు. ఆయన గట్టిగా అంటే ఆట నిజంగానే ఆగిపోతుందని మాకు తెలుసు.

"కూర్చోండి బాబాయ్ గారూ. ఒక్క ఆట ఆడి చూడండి. అప్పుడు కూడా ఆపమంటే ఆపేస్తాను" అన్నారు మేడమ్. "మీ పాత్ర చిన్నప్పుడు ఏం చేసేవాడండీ?"

ఆయన కుర్చీ అంచున కూర్చున్నారు. "ఏం చేస్తాడమ్మా... మా నాన్నతో చేలెంట తిరుగుతూ బాతులు కాసేవాడు" అన్నారు మెత్తగా. మేడమ్ గారు 'బాతులను పిలవడం' అని రాశారు. ఆనాటి కథలో మా దండు పొగమంచులో, ఊబి మధ్య చిక్కుకుపోయింది. ఎటు అడుగేసినా ప్రమాదమే. ఇశ్రాయేలు గారు హఠాత్తుగా కుర్చీలోంచి లేచి, అరచేతులు నోటికి అడ్డుపెట్టుకుని బాతుల్ని పిలిచారు. వీధిలో పోతున్న రిక్షా ఆగిపోయింది. కథలో ఎక్కడినుంచో బాతులు బదులు పలికి మాకు గట్టి నేల చూపించాయి. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆయన అడిగింది ఒకటే: "వచ్చే వారం ఎన్నింటికమ్మా?"

రెండువేల సంవత్సరం దాటాక హైదరాబాదులో ఈ ఆటకు పోటీ పెట్టారని తెలిసి మేడమ్ గారు మమ్మల్ని తీసుకెళ్లారు. జట్టులో నేను, రాంబాబు, ఇశ్రాయేలు గారు. కథ నడిపే యువకుడు మా కాగితాలు చూసి నవ్వాడు. "చేపకు ఉప్పు పట్టించడమా? దీంతో యుద్ధం ఎలా చేస్తారండీ?"

"అది వాళ్ల తంటా బాబూ. పాచిక వెయ్యనివ్వండి చాలు" అని మేడమ్ గారు వెళ్లి వెనక వరసలో కూర్చున్నారు.

పోటీ కథలో శత్రుసైన్యం కోటను చుట్టుముట్టింది. లోపల జబ్బుపడ్డ రాణికి పొద్దు గుంకే లోపు మందు చేర్చాలి. మాకన్నా ముందు ఆడిన జట్లన్నీ కత్తులు దూసి, కోట గుమ్మం చేరకుండానే కూలిపోయాయి. మేము మందును ఎండుచేపల గంపలో దాచి, బండి కట్టుకుని శత్రువుల వంటశాలకు వెళ్లాం. వంటవాడి పాత్ర ఆ యువకుడే పోషించాడు.

"ఏం చేపలివి? కంపు కొడుతున్నాయి!"

"ఎండుచేప మల్లెపూల వాసన వేస్తుందా బాబాయ్? ఉప్పు ఎంత బాగా పట్టిందో చూడు, నెల దాటినా చెడదు. నీ సైన్యానికి రోజూ చప్పిడి గంజేనంట కదా, దారిలో తిట్టుకుంటున్నారు!" అన్నాను.

హాలంతా గొల్లున నవ్వింది. "ఏం కావాలి నీకు?" అన్నాడతను నవ్వు ఆపుకుంటూ.

"డబ్బులొద్దులే. కోట వెనక కాలవ దాకా మా బండి వెళ్లనియ్యి. గంపలు కడుక్కుంటాం."

"పాచిక వెయ్యండి" అన్నాడు. వేశాను. చిన్న అంకె పడింది. అతను దానికి నా బేరం బలం కలిపాడు. మళ్లీ కూడి చూసుకున్నాడు. తలెత్తి, "వెళ్లండి!" అని అరిచాడు. దారిలో విరిగిన ఇరుసును రాంబాబు పుట్టింటి విద్యతో బిగించాడు. కాపలావాళ్లు అనుమానపడబోతే ఇశ్రాయేలు గారు కాలవలోని బాతులన్నింటినీ లేపి గోల చేయించారు. ఆ సందడిలో మందు గోడ కింది నీటిదారి గుండా రాణికి చేరింది. గెలిచాం! అందరికన్నా ముందు లేచి చప్పట్లు కొట్టింది ఆ యువకుడే. వీళ్లకు ఏం నేర్పారని ఎవరో అడిగితే మేడమ్ గారు, "నేనేం నేర్పలేదండీ. వాళ్లకు వచ్చినవే రాయించాను" అన్నారు. గుడివాడ స్టేషన్లో దిగేసరికి కప్పు ఇశ్రాయేలు గారి చేతుల్లో, నెత్తికన్నా ఎత్తులో ఉంది.

ఇవాళ నేను మచిలీపట్నంలో చేపల ఎగుమతి వ్యాపారం చేస్తున్నాను. ఎంతటివారి ఎదుటైనా నాది ఫలానా పల్లె అని మొదటి మాటగా చెప్పగలుగుతున్నాను. ఇలా చెప్పుకోగలిగినవారు ఈ డెల్టా నిండా ఉన్నారు. ఆ మహనీయురాలు విడిచి వెళ్లిన సంపద మేమే.

అంత్యక్రియల రోజు మొవ్వ దగ్గరి ఆ పల్లెలో, సమాధుల తోటలో, చివరి కీర్తన ముగిసి అందరూ కదులుతున్నారు. ఒక అమ్మాయి మాత్రం తడి మట్టి ముందు నిలబడిపోయింది. నర్సు యూనిఫాంతోనే బస్సెక్కి వచ్చినట్టుంది. బంధువులా అని అడిగాను.

"కాదండీ, మేడమ్ గారున్న వార్డులో డ్యూటీ నాది. మంచం మీద నుంచే నాకూ, పక్క మంచాల వాళ్లకూ కథ ఆడించేవారండీ. నన్ను ఓడ నడిపేదాన్ని చేశారు." ఆమె కళ్లు తుడుచుకుంది. "మేం నడిసముద్రంలో ఉన్నామండీ. తుఫాను పట్టింది. ఇప్పుడు మిగతా కథ ఎవరు చెప్తారండీ?"

మేడమ్ గారిలా చెప్పగలిగినవారు ఇక లేరు. ఆ లోటు ఎన్నటికీ తీరదు. ఆ మాట పైకి అనలేక, "ఓడలో ఎవరెవరున్నారమ్మా?" అని అడిగాను. ఒక్కొక్కరి పేరూ, వాళ్లకు వచ్చిన పనీ చెప్పసాగింది. రాంబాబు వచ్చి పక్కన నిలబడ్డాడు. గేటు దాకా వెళ్లినవారు ఒకరి వెనక ఒకరు తిరిగివచ్చారు. నాకు చేతనైనట్టు కథ అందుకున్నాను. మేడమ్ గారి చుట్టూ నిలబడి, అందరం కలిసి ఆ ఓడను ఒడ్డుకు చేర్చాకే ఇళ్లకు కదిలాం.