పన్నెండో నిమిషం దాటిన లాప్‌టాప్: పుదుచ్చేరిలో ఒక ఆదివారం

ఈ ప్రయాణానికి మూలం రైల్లో విన్న ఒక మాట. 2006 వేసవిలో నెల్లూరు నుంచి చెన్నై వెళ్తుంటే ఎదుటి సీట్లో డెబ్భై ఏళ్ళ పెద్దాయన ఒకరు కూర్చున్నారు. పేరు వి. గోవిందస్వామి. పుదుచ్చేరిలో సారం అనే పేటలో ఇల్లు, ఊరి బయట కాస్త పొలం. వాళ్ళ పూర్వీకులు వందల ఏళ్ళ కిందట అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళట. గంటసేపు నాతో చక్కగా తెలుగులో మాట్లాడిన మనిషి, దిగే ముందు నా చేతిలోని వారపత్రిక వైపు చూసి, "అందులో ఏముండాదో నువ్వు చదివి చెప్తేనే మాకు తెలిసేది అమ్మా. మాట వస్తాది, అక్షరం రాదు" అన్నారు. నేను నెల్లూరులో హైస్కూలు తెలుగు టీచర్ని. ఆ మాట నన్ను వదల్లేదు. చెన్నైలో పద్నాలుగు వేలకు ఒక పాత లాప్‌టాప్ కొన్నాను. నాలుగు నెలలు కష్టపడి, వాళ్ళకు వచ్చిన తమిళ అక్షరం పక్కనే తెలుగు అక్షరం గీత గీతగా తయారయ్యేలా ఒక పాఠం చేశాను. ప్రతి అక్షరాన్నీ నా గొంతుతోనే పలికాను. ఫోన్ చేసి చెప్తే గోవిందస్వామి గారు ఎగిరి గంతేసినంత పని చేశారు. 2007 జూన్‌లో ఒక ఆదివారం సాయంత్రం నాలుగింటికి తన మేడ మీద ముప్పై మందిని కూర్చోబెడతానన్నారు.

శనివారం రాత్రి చెన్నైలో మా పిన్ని ఇంట్లో ఉండి, పొద్దున ఆరింటికి కోయంబేడులో పుదుచ్చేరి బస్సెక్కాను. తీరం వెంట వెళ్ళే బస్సని అడిగి మరీ ఎక్కండి, ఇంకో దారి కూడా ఉంది. టికెట్టు డెబ్భై రూపాయల లోపే. ఎడమ వైపు కిటికీ దొరికితే అదృష్టం. మహాబలిపురం దాటాక సముద్రం కనిపిస్తూ మాయమవుతూ మనతోపాటే వస్తుంది. మరక్కాణం దగ్గర ఉప్పు మడులు ఎండకు మెరిసిపోతుంటాయి. నేను మాత్రం సగం దారి కళ్ళు మూసుకుని, సాయంత్రం ఏ మాటతో మొదలుపెట్టాలా అని నాలో నేనే పాఠం చెప్పుకున్నాను. తొమ్మిదిన్నరకు బస్టాండులో దిగాను. అక్కడి నుంచి సారానికి ఆటోకి ముప్పై రూపాయలు.

గోవిందస్వామి గారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. ఇడ్లీలు తిన్నాక మేడ మీద లాప్‌టాప్‌ని వాళ్ళ టీవీకి కలిపి, ఒకసారి సరిచూసుకుందామని పాఠం మొదలుపెట్టాను. అచ్చులు బ్రహ్మాండంగా వచ్చాయి. హల్లుల్లోకి అడుగు పెట్టామో లేదో, టపీమని తెర నల్లబడిపోయింది. గడియారం చూశాను. పదకొండు నిమిషాలు. మళ్ళీ పెడితే ఎనిమిది నిమిషాలకే పోయింది. అడుగున చెయ్యి పెడితే దోసె పెనంలా కాలింది. ఇంట్లో ఎప్పుడూ ముక్కలు ముక్కలుగా పని చేసుకోవడమే గాని, ఏకబిగిన పాఠమంతా నడిపి చూసిందే లేదు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని వీధి చివరున్న నెట్ సెంటర్‌కి పరిగెత్తాను. అక్కడి కంప్యూటర్లో తెలుగు ఫాంట్ లేదు. నా నాలుగు నెలల అక్షరాలన్నీ వరసగా ఖాళీ డబ్బాలై కనిపించాయి.

ఆదివారం కదా, కంప్యూటర్ షాపులన్నీ షట్టర్లు దించి ఉన్నాయి. పక్కనున్న విల్లియనూరు నుంచి కూడా జనం వస్తున్నారని అప్పుడే ఫోన్ వచ్చింది. గోవిందస్వామి గారు కాసేపు తల గోక్కుని, "వైతికుప్పంలో విజయ ఉండాది. మైకు సెట్లు రిపేరు చేస్తాది. మన తెలుగే. యాడా దొరక్కపోతే అందరం ఆమె దగ్గరికే పోయేది" అన్నారు. మైకు సెట్టు ఎక్కడ, లాప్‌టాప్ ఎక్కడ అనిపించింది. కానీ ఇంకో దారి లేదు. ఆటోలో బ్యాగుని ఒళ్ళో ఎత్తిపట్టుకుని, ప్రతి గుంతకీ పైకి లేపుతుంటే డ్రైవరు అద్దంలో చూసి, "గుడ్లామ్మా?" అని తమిళంలో అడిగాడు. అలాంటివే అన్నాను. పాపం, వైతికుప్పం దాకా నెమ్మదిగానే నడిపాడు.

వైతికుప్పం ఊరికి ఉత్తరాన సముద్రాన్ని ఆనుకుని ఉన్న జాలర్ల పేట. వీధి పొడవునా వలలు ఆరేసి ఉన్నాయి. తీరానికి రెండో వీధిలో ఎస్. విజయ గారి ఇల్లు. ముందుగది నిండా ఆంప్లిఫయర్లు, గొట్టం మైకులు, తీగల చుట్టలు. నలభై అయిదేళ్ళుంటాయి, చెవిలో పెన్సిలు. నా గోడంతా విని, "టీచరమ్మా, నిజం చెప్తా. ఇది నేను ఇంతదాకా విప్పిందే లేదు" అంది. తర్వాత లాప్‌టాప్ అడుగున చెయ్యి పెట్టి, "అబ్బా, శానా సూడు!" అంది.

నేను వంగి చూశాను. ఏమీ కనబడలేదు.

"ఏం చూడమంటున్నావక్కా?"

ఆమె పకపకా నవ్వింది. "చూడమనలే. సూడు! తమిళంలో వేడి. మా ఇంట్లో అట్టనే అనేది."

ఆ నవ్వుతో నా భయం సగం పోయింది. ఇది వైరస్ పని అయ్యుంటుందని నా అనుమానం చెప్పాను. ఆమె కొట్టిపారేయలేదు. "అయితే వైరస్ లేని చోట పెట్టి చూస్తాం" అంది. విండోస్ మొదలవకముందే వచ్చే సెట్టింగుల తెర దగ్గర ఆపి, ఏమీ ముట్టుకోకుండా కూర్చున్నాం. అక్కడా పావుగంటకి ఆరిపోయింది. వైరస్ కాదని తేలిపోయింది. కాస్త చల్లారనిచ్చి మళ్ళీ ఆన్ చేసింది. దేవుడి పటం దగ్గర్నుంచి అగరుబత్తి తెచ్చి, ఎడమ పక్కన గాలి బయటికొచ్చే సందు ముందు పట్టుకుంది. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. పొగ మాత్రం ఇటూ అటూ కదలకుండా నిట్టనిలువుగా పైకి లేచింది.

"చూసినావా? ఫ్యాను తిరగతా ఉండాది, గాలి వెలికి రాలే. లోపల ఏందో అడ్డం పడుండాది. మా ఆంప్లిఫయర్లు కాలిపోయేది కూడా ఇట్టనే."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పన్నెండున్నర అయింది. "విప్పేదా?" అంది. "విప్పక్కా" అన్నాను. ఆమె ఒక కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి, తీసిన ప్రతి మరనీ ఆ చోటే కాగితంలో గుచ్చింది. ఒక మర తుప్పు పట్టి చచ్చినా కదల్లేదు. కుట్టుమిషన్ నూనె చుక్క వేసి పది నిమిషాలు ఆగాం. ఆ పది నిమిషాల్లో నేను నాలుగైదు సార్లు గుమ్మం దాకా వెళ్ళొచ్చాను. చివరికి కిర్రుమంది. మూత లేచింది. ఫ్యానుకీ, దాని ముందున్న సన్నటి రాగి రేకులకీ మధ్య బూడిద రంగు దుమ్ము పేరుకుని ఉంది. పాత కంబళి ముక్క కత్తిరించి అడ్డం పెట్టినట్టు మందంగా ఉంది! విజయ దాన్ని పట్టకారుతో ఒక్క ముక్కగా బయటికి లాగి, గాల్లో ఊపుతూ, "ఇదో, నీ వైరస్!" అంది. నేను చప్పట్లు కొట్టేశాను.

పని అక్కడితో అవలేదు. ప్రాసెసర్ మీద వేడిని రేకులకి అందించే పూత ఎండి పెచ్చులు కట్టింది. కొత్తది లేకుండా మూత బిగిస్తే మళ్ళీ అదే కథ. ఆమె డ్రాయరు లాగి తెల్లటి ముద్ద ఉన్న చిన్న ట్యూబు తీసింది. ఆంప్లిఫయర్లలో వేడెక్కే ట్రాన్సిస్టర్ల కింద పూసేదీ అలాంటిదేనట. మందుల షాపు నుంచి స్పిరిట్ తెచ్చుకుని పాత పెచ్చులు తుడిచి, బియ్యపు గింజంత ముద్ద పెట్టింది. "ఎక్కువ పూస్తే అదే అడ్డం" అంటూ, కాగితం చూసుకుని మరలన్నీ వాటి చోట్లలో బిగించింది.

ఆన్ చేశాం. అగరుబత్తి పెట్టగానే పొగ పక్కకు ఒరిగి పరుగెత్తింది. పాఠం మొదలుపెట్టాను. ఎనిమిది నిమిషాలు. పది. పదకొండో నిమిషంలో ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పన్నెండు దాటింది. ఇరవై దాటింది. అరగంటకి అడుగున చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది, అంతే. "తిని పోవల్ల" అని పట్టుబట్టి వంకాయ పులుసుతో అన్నం పెట్టింది. బతిమాలితే వంద రూపాయలు తీసుకుంది. "సాయంత్రం నువ్వూ రావాలక్కా" అన్నాను. "నాకు అక్షరం యాడ వస్తాది?" అంది. "అందుకే రమ్మంటున్నా" అన్నాను.

నాలుగింటికి మేడ మీద ముప్పై కాదు, నలభై మందికి పైగా ఉన్నారు. విజయ వెనక గోడకి ఆనుకుని నిలబడింది, ఒక కన్ను తెర మీద, ఒక కన్ను ఫ్యాను సందు మీద. అచ్చులు అయ్యాయి. హల్లులు మొదలయ్యాయి. తమిళ 'క' పక్కన తెలుగు 'క' వచ్చింది. అందరూ పలికారు. తర్వాత అదే తమిళ అక్షరం, పక్కన 'ఖ'. తర్వాత మళ్ళీ అదే, పక్కన 'గ'. మేడ మీద గుసగుసలు మొదలయ్యాయి. గోవిందస్వామి గారు కంగారుగా లేచి నిలబడ్డారు.

"ఏందమ్మా, ఒకే అక్షరం తిప్పి తిప్పి వస్తా ఉండాది? మిషను మళ్ళీ సూడెక్కిందా?"

నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి విజయ గొంతు వినిపించింది. "మిషను బాగనే ఉండాది పెద్దయ్యా! తమిళంలో దానికి ఒకటే అక్షరం. మనకి వేరేవేరే ఉండాయి!" అంటూ జనం మధ్యలోంచి ముందుకొచ్చేసింది. "మా అమ్మ పాటలు నేను తమిళంలో రాసి పెట్టుకోనుండా టీచరమ్మా. దాంట్లో గాలీ కాలీ ఒకే మాదిరి ఉంటాది. పాట తెలిసినోళ్ళకే ఏది ఏదో తెలిసేది. నాకు గాలి రాసి చూపీ."

నా పాఠంలో మొదటి మాట 'అమ్మ'. దాన్ని పక్కన పెట్టి, గోడకి ఆనించి ఉంచిన నల్లపలక మీద 'గాలి' రాశాను. ఆమె సుద్దముక్క తీసుకుని, దాని కింద వంకరటింకరగా తనే ఒకటి రాసింది. దాని పక్కన, తెర వంక చూసుకుంటూ 'కాలి' రాసింది. మొదటిదాని మీద వేలు పెట్టి "గాలి" అంది. రెండోదాని మీద పెట్టి "కాలి" అంది. నలభై మందీ ఆమెతోపాటు గట్టిగా చదివారు. గోవిందస్వామి గారు కళ్ళజోడు సవరించుకుని పలక దగ్గరికంటా వచ్చి, ఎవరూ అడక్కుండానే మూడోసారి ఒంటరిగా చదివారు. ఆ సాయంత్రం మేం ఘ దాటి ముందుకు పోనేలేదు. తమకు తెలిసిన మాటల్లో క ఏది, గ ఏది అని అడిగేవాళ్ళు ఎక్కువైపోయి ఏడింటి దాకా కూర్చున్నాం.

తిరుగు బస్సులో కూర్చున్నాక కూడా ఆ కేకలే చెవుల్లో మోగాయి. పదిహేనేళ్ళుగా క, ఖ, గ, ఘ చెప్తున్నాను. అవి నాకు రోజూ ఎక్కే మెట్లలాంటివి, ఎన్ని ఉన్నాయో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఒక అక్షరం అదనంగా దొరకడం ఇంత సంబరమని, పుట్టినప్పటి నుంచీ తెలుగులోనే నవ్వుతూ ఏడుస్తూ ఉన్న మనుషులకి కూడా అది కొత్త చుట్టంలా రాగలదని, నాకు ఆ మేడ మీదే తెలిసింది. మీరూ ఇలాంటి పని మీద పాత లాప్‌టాప్ పట్టుకుని బయల్దేరేటట్లయితే ఒక్క సలహా: ప్రయాణానికి వారం ముందే ఇంట్లో గట్టి బల్ల మీద పెట్టి, అక్కడ ఎంతసేపు నడపాలో అంతసేపూ ఆపకుండా నడిపి చూడండి. ఆరిపోయేదేదో మీ ఊళ్ళోనే, షాపులు తెరిచి ఉన్న రోజునే ఆరిపోతుంది.