లేపొద్దన్న చెయ్యి

ఎనిమిదేళ్లు ఎలుకల చేతుల మీద పనిచేశాను. మెదడుకు దెబ్బ తగిలిన ఎలుక ముందుకాలు చాచి గింజ అందుకోవడం మళ్లీ ఎలా నేర్చుకుంటుందన్నది నా పరిశోధన. కామారెడ్డిలో మా వాడకట్టువాళ్లు "ఎలుకలకు గంత సదువెందుకు?" అని నవ్వేవాళ్లు. చివరికి ఎలుకలూ నేర్చుకోలేదు, ఫెలోషిప్పూ అయిపోయింది. నలభై దగ్గరపడుతుండగా పేస్‌మేకర్ల కంపెనీలో చేరాను. పేషెంటుకు పేస్‌మేకర్ పెట్టేటప్పుడు డాక్టరు పక్కన ఉండటం, తర్వాత అది సరిగా పనిచేస్తుందో లేదో చూస్తూ ఉండటం నా ఉద్యోగం. మెదడు నుంచి గుండెకు దిగానని నా మీద నేనే జోకులేసుకునేవాణ్ణి.

ఎల్లారెడ్డి నుంచి వచ్చిన ఒక అవ్వకు హైదరాబాదులో ఎడమ భుజం కింద చర్మం లోపల పేస్‌మేకర్ పెట్టారు. డిశ్చార్జి రోజు డాక్టరు ఇంగ్లిషులో చెప్పిన జాగ్రత్తలను మా యాసలో చెప్పే పని నా మీద పడింది. నాకు హుషారెక్కింది. "అవ్వా, లోపల వైరు కదిలితే మళ్ల కొయ్యాలె. ఎడమ చెయ్యి మీదికి లేపకు" అన్నాను. ఆరు వారాల వరకే అని డాక్టరు చెప్పాడు. ఆ ముక్క నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇవాళ్టికీ తెలియదు.

మూడు నెలలకు అవ్వ చెకప్ కోసం కామారెడ్డి క్లినిక్కుకు వచ్చింది. ఎడమ చెయ్యి కొంగులో కట్టుకుని ఉంది. నేను మిషన్ తెర మీద గీతలు చూసి, "మంచిగుంది అవ్వా" అని పంపేశాను.

ఏడాదికి మళ్లీ వచ్చింది, ఈసారి గుండు చేయించుకుని.

"ఏ దేవునికి మొక్కినవ్ అవ్వా?"

"మొక్కు గాదు బిడ్డా. కొప్పు ఏసుకోనీకి ఒక్క చెయ్యి సాలుతలేదు. గందుకే తీపిచ్చిన."

"ఎడమ చెయ్యికి ఏమైంది?"

"నువ్వే లేపకంటివి గదా."

ఆ మాటలో కోపం లేదు. చెప్పింది చెప్పినట్టు చేశానన్న తృప్తి ఉంది. తిట్టినా బాగుండేది. లేపమన్నాను. భుజం కదల్లేదు. అదే వీధిలో ఉన్న ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, భుజం బిగుసుకుపోయింది, ఇంత ఆలస్యంగా వస్తే చెప్పలేం, వ్యాయామం చేయించి చూడండి అన్నాడు.

ప్రతి ఆదివారం బస్సెక్కి ఎల్లారెడ్డి వెళ్లాను. ఆమె ఇంటి గోడ మీద ఆమె ఎడమ చేతి వేళ్లు పైకి పాకించేవాణ్ణి. ఎక్కడిదాకా వెళితే అక్కడ బొగ్గుతో గీత గీసేవాణ్ణి. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగేవి, అయినా నేను చాలనేదాకా ఆపేది కాదు. ఎండాకాలం పోయింది, వానాకాలం పోయింది. గీత మీద గీత పడి ఒకే చోట నల్లటి మరక అయింది. ఎలుకల లెక్కలు కూడా సరిగ్గా ఇలాగే ఉండేవి. ఒక ఆదివారం ఆమే "ఇడిసిపెట్టు బిడ్డా, నీకెందుకు కష్టం" అంది. విడిచిపెట్టాను. లోపల నాకు హాయిగా అనిపించింది కూడా, సిగ్గులేకుండా చెబుతున్నాను.

మొన్న మళ్లీ చెకప్‌కు వచ్చింది. జుట్టు పెరగనివ్వడం లేదు. పేస్‌మేకర్ భేషుగ్గా ఉంది, వైరు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అలవాటు కొద్దీ నోరు జారింది.

"బ్యాటరీ ఇంక తొమ్మిదేండ్లు వస్తది అవ్వా. ఫికర్ లేదు."

ఆమె ఒళ్లో పెట్టుకున్న ఎడమ చెయ్యి వంక చూసుకుంది.

"గన్నేండ్లా?" అంది.