వంకలో గీసిన దారి

ఇప్పుడంటే ప్రతి జేబులోనూ దారి చెప్పే ఫోను ఉంది. ఆ రోజుల్లో దారి చెప్పడమంటే చెయ్యి చాపి "నేరుగా పోప్పా" అనడమే. అలాంటి కాలంలో, ఇరవై రెండేళ్ల వయసులో, లోకానికంతా దారి చూపే బాధ్యత నెత్తిన వేసుకున్నాను (ఎవరూ వేయలేదు, నేనే వేసుకున్నాను). ఎర్రగుంట్లలో మా మేనమామ లారీ ఆఫీసులో గుమాస్తాని. ఆఫీసుకు కొత్తగా కంప్యూటరు, దాని వెంట ఇంటర్నెట్టు వచ్చాయి. అందులో ఎవరైనా సరే, జీతం బత్తెం లేకుండా, తమ ఊరి దారులు గీయగల పటం ఒకటి దొరికింది. ఇంకేముంది, ఆఫీసు కాగితాలు పక్కన పడేసి గీతల మీద పడ్డాను.

నేను అన్నిటికన్నా గర్వంగా గీసింది ఊరవతలి వంకలో దారి. వంకంటే మా వైపు వాగు, అదీ పేరుకే. అందులో నీళ్లు పారగా పుట్టి బుద్ధెరిగి చూడలేదు. చుట్టు తిరగడమెందుకని సిమెంటు లారీలన్నీ ఆ గులకరాళ్ల మీదుగానే అడ్డంగా దాటేవి. నేను గీసిన మర్నాడే దాన్ని చెరిపేశారు. చెరిపింది, దూరాన ఏదో నగరంలో కూర్చుని మావంటి వాళ్ల గీతలు సరిచూసే మరో ఔత్సాహికుడు. పేరు తెలియదు గనక కత్తెరయ్య అని పెట్టుకున్నాను. "ఉపగ్రహం తీసిన బొమ్మలో అక్కడ వాగు కనిపిస్తోంది, వాగు దారి కాదు" అని రాశాడు. నాకు ఒళ్లు మండింది. మా ఊరి దారి సంగతి ఆకాశంలోంచి చూసి నాకు చెబుతాడా! మళ్లీ గీశాను. మళ్లీ చెరిపాడు. చివరికి వంక మధ్యలో లారీని, దాని పక్కన మామను నిలబెట్టి (ఆయన నడుం మీద చెయ్యి కూడా వేసుకున్నాడు) ఫోటో తీసి పంపాక ఒప్పుకున్నాడు. ఆ పటాన్ని అచ్చు తీసి ఆఫీసు గోడకు అంటించాను.

కొన్నాళ్లకు ఆలూరు వైపు నుంచి ఒక డ్రైవరన్న కొత్తగా చేరాడు. ఆయన దారి అడిగితే నోటితో చెప్పడం నామోషీ అనిపించి, పటం ఇంకో కాపీ తీసి చేతికిచ్చాను. వంకకు ఎగువన ఎక్కడో వాన దంచుతోందని మాకెవరికీ తెలియదు. మధ్యాహ్నానికి అన్న తడిబట్టలతో నడుచుకుంటూ వచ్చాడు. వంకలోకి దిగేటప్పటికి నీళ్లు చీలమండ లోతేనట. పటంలో దారి ఉంది కదా అని ముందుకే పోయాడట. లారీ నడిమధ్య నిలిచిపోయింది, సిమెంటంతా నానిపోయింది.

"నీళ్లల్లోకి లారీ దించుతావా, కండ్లు కనపడల్యా? రేపట్నుంచి రావొద్దు పో" అన్నాడు మామ. కొత్త ఊళ్లో దొరక్క దొరికిన పని అది. అన్న తడిసిన పటం విప్పి నా ముందు బల్ల మీద పరిచాడు.

"దీంట్లో నీళ్లు యాడా లేవు కదప్పా" అన్నాడు.

తప్పు నాదని, పొమ్మంటే నన్నే పొమ్మనమని మామతో చెప్పేశాను. (నన్ను పొమ్మంటే మా అమ్మకు జవాబు చెప్పాలి. అంత ధైర్యం ఆయనకు లేదు.) అట్లయితే ఆ దారి ఇప్పుడే చెరిపెయ్యమన్నాడు. అక్కడ నాకు మొండి పట్టింది.

"చెరపను మామా. దారి ఉండాది, నీళ్లూ ఉండాయి. రెండూ రాస్తా."

మామ సాయంత్రం దాకా తిట్టాడు గానీ అన్న పని మాత్రం నిలబడింది. నేను వారం రోజులు సైకిలు మీద వంక వెంబడి ఊళ్లు తిరిగి, అది ఎప్పుడెప్పుడు పారుతుందో ముసలివాళ్లను అడిగి, "వాన పడితే దారి లేదు" అని పటంలో చేర్చాను. కత్తెరయ్య దాన్నీ కత్తిరిస్తాడని కాచుకుని కూర్చుంటే, ఈ ముక్క మొదటే రాసుంటే నీ దారి జోలికే వచ్చేవాణ్ణి కాదని జవాబిచ్చాడు. ఆ మాట నిజం కావడం వల్ల ఇంకా కోపం వచ్చింది.

ఇప్పుడక్కడ వంతెన ఉంది. నా దారినీ హెచ్చరికనూ ఎవరో కొత్తవాళ్లు చెరిపేశారు, సరైన పనే చేశారు. కానీ ఆనాడు రాళ్లయిపోయిన సిమెంటు మూటలు, మూతి కుట్ల గుర్తులతో సహా, వంక గట్టున ఇంకా పడి ఉన్నాయి. అటు పోయినప్పుడల్లా వాటి మీద కాసేపు కూర్చుని, ఆ ఇరవై రెండేళ్ల మొండివాణ్ణి తలచుకుని నవ్వుకుంటాను. వాటినీ పటంలో పెట్టాను, "రాతి మూటలు, నలుగురు కూర్చోవచ్చు" అని. ఇంతవరకు ఎవరూ చెరపలేదు. చెరిపితే మళ్లీ గీస్తాను.